ఎండు వల



ఫోటో విషయమై మన భాషలో రెండు క్రియాపదములు వాడుకలో నున్నవి. యంత్రము చేతబట్టినవాడు ఫోటో తీయును. దాని యెదుట నిలిచినవాడు ఫోటో దిగును. పెండ్లిలో దిగితిమి, తిరుపతిలో దిగితిమి, బడి విడిచిన యేడు అందరమును కలిసి దిగితిమి అని మన యిండ్లలో పెద్దలు చెప్పుకొనుచుందురు. ఏటిలో దిగినట్లు, పొలములో దిగినట్లు, ఫోటోలోనికి సైతము దిగుటయే యని తలచిన యీ నుడికారమును విన్నప్పుడెల్ల నాకు మనసులో నొక సంతోషము కలుగును. ఏలయన తీయువాని నేర్పునకంటె దిగువాని విశ్వాసమునకు ఆ మాటలో నెక్కువ చోటున్నది. నేటి నా ప్రసంగము తీయువారిని గూర్చినదే యైనను, దిగినవారి మాట నడుమ నడుమ రాక తప్పదు.

నేను వృత్తిచేత ఉపాధ్యాయుడను. ఛాయాగ్రహణము నాకు ఆదివారపు పని. పశ్చిమ గోదావరి డెల్టాలో కాలువగట్ల వెంబడి నున్న చిన్న పట్టణములలో ఏటేట జరుగు ఫోటో పోటీలకు చిత్రములు పంపుట నాకు యౌవనమునుండియు అలవాటు. ఈ పోటీల పేళ్ళు పత్రికల మొదటి పుటల కెక్కవు. 1839వ సంవత్సరమున ఆగస్టు 19వ తేదీన ఫ్రాన్సు ప్రభుత్వము డాగ్యురే అనువాడు కనిపెట్టిన ఛాయాచిత్ర విధానమును లోకమునకు వెల్లడించినది గదా, ఆ తేదీనే మన పట్టణములలో ఫోటోగ్రాఫర్ల సంఘములవారు డాగ్యురే పటమునకు పూలమాల వేసి, కొబ్బరికాయ కొట్టి, సాయంకాలమున పోటీలో నెగ్గినవారికి బహుమతు లిత్తురు. టౌన్ హాలులో బల్లలన్నియు గోడవారగా జరిపి, అట్టల కంటించిన పెద్ద చిత్రములను వానిపై చేరవేసి, చిన్నవానిని పురికొసకు బట్టలారవేయు క్లిప్పులతో వ్రేలాడదీయుదురు. పైన ఫ్యాను తిరిగినప్పుడెల్ల ఆ చిన్నవి యొక్కసారిగా రెపరెపలాడును. మొదటి బహుమతి గోడగడియారము, రెండవదియు మూడవదియు స్టీలు సామాను, తక్కినవారికి ప్రశంసాపత్రము.

ఇట్టి చోటికి చిత్రము పంపి ప్రయోజనమేమని నన్ను పలువు రడిగిరి. దేశదేశముల ఛాయాచిత్ర సంఘములను కలిపిన అంతర్జాతీయ సమాఖ్య 1950లో నేర్పడినది. 1953లో మన దేశమున సమాఖ్య వెలసినది. వాని గుర్తింపు పొందిన ప్రదర్శనలలో చిత్రములు స్వీకరింపబడినచో పేరు చివర బిరుదాక్షరములు వ్రాసికొనవచ్చును. ఆ ప్రదర్శనలకు నేనును పంపితిని, కొన్ని స్వీకరింపబడినవి. వానియం దున్న గౌరవము నాకు తక్కువ కాదు. కాని అచట తీర్పరులు వందలకొలది చిత్రములను వరుసగా చూచుచు ఒక్కొక్కదానికి కొన్ని క్షణములు మాత్రమే యీయగలరు. వెలుగునీడల పొందిక, రేఖల నడక, శూన్యస్థలము యొక్క ప్రమాణము, ఇవి వారు చక్కగా నెరుగుదురు. చిత్రములోని పని చేయుచున్న మనిషి ఆ పని నిజముగా నట్లే చేయునా యన్నది వారికి తెలియదు, తెలియవలెనని కోరుటయు న్యాయము కాదు. అది తెలిసినవా డొకడు చిన్న పట్టణపు హాలులోనికి సాయంకాలము మనుమని చేయి పట్టుకొని వచ్చును. నేను చెప్పదలచినది అతనిని గూర్చియే.

నలువది యేండ్ల నాటి మాట. ఆ సంవత్సరము పోటీకి ఇచ్చిన విషయము గోదావరి జీవనము. అప్పుడు నా యొద్ద నున్నది అగ్ఫా క్లిక్ త్రీ అను చిన్న పెట్టెవంటి కెమెరా. 120 ఫిలిము చుట్టకు పండ్రెండు చిత్రములు వచ్చును. ఉపాధ్యాయుని జీతములో నెలకొక చుట్ట కొనుటయే భారము. దాని షట్టరు మందగతిది గనుక కదలుచున్న వస్తువును స్ఫుటముగా పట్టుట దానికి సాధ్యము కాదు. ఒక మధ్యాహ్నము నరసాపురపు రేవునకు పోయి, ఇసుకమీద వల ఆరబెట్టుకొని చెట్టునీడను కూర్చున్న పడుచువానిని బతిమాలి, వలను భుజమున వేసికొని విసరబోవునట్లు నిలువుమని కోరితిని. అతడు నవ్వి, లేచి, మోకాలిలోతు నీటిలోనికి దిగి, నేను చెప్పినంతసేపు కదలక నిలిచెను. చేతుల కండరములమీద వెలుగు చక్కగా పడినది, వెనుక ఏటి కవతల సఖినేటిపల్లి యొడ్డు పొగమంచువలె తేలినది. మూడవ బహుమతి వచ్చినది.

ఆ సాయంకాలము తలకు తువ్వాలు చుట్టుకొనిన వృద్ధు డొకడు ఆ చిత్రమునెదుట చాలసేపు నిలిచియుండెను. నేను ప్రక్కనే యుంటిని. అతడు నా వైపు తిరిగి, "ఇది తీసింది తమరేనాండి?" అని యడిగెను. నేనే యంటిని.

"బాగుందండి. కుర్రోడు బాగా దిగాడండి. మరి వల ఎండిపోయుందేటండి?"

నాకు అర్థము కాలేదు. అతడు చిత్రమునకు తాకీ తాకనట్లు వ్రేలు చూపి వివరించెను. "ఎండు వల ఇసిరితే ఇచ్చుకోదండి, గాలికి కొట్టుకుపోద్ది. ముందు నీళ్ళలో ముంచి, పిండి, అప్పుడు భుజానేస్తామండి. తడిసిందైతే ఒంటికి అంటుకుని అంచు గుళ్ళు కిందికి లాగుతాయి. ఇక్కడ చూడండి, పోగులు లేచి నిలబడున్నాయి. ఇతను చేపలకెళ్ళలేదండి, ఫోటో దిగడానికొచ్చాడు."

ఆ మాటలో నిందగాని, వెక్కిరింతగాని లేవు. తన చేతిలో పుట్టి పెరిగిన వస్తువును గూర్చి తనకు తెలిసినది చెప్పెను, అంతే. ముగ్గురు తీర్పరులును, నూరుమంది ప్రేక్షకులును, అన్నిటికంటె ముందు నేనును చూడని దానిని అతడు చూచెను. తరువాత ఆ చిత్రమును నేనెన్నిసార్లు చూచినను, ఎండి తేలికయై ముళ్ళకంపవలె భుజమున నిలిచిన ఆ వలయే తప్ప వేరొకటి నా కంటికి కనబడలేదు.

ఛాయాగ్రహణ చరిత్రలో నిట్టి తీర్పు మరియొకటి కలదు. 1887వ సంవత్సరమున లండను నుండి వెలువడుచుండిన అమెచ్యూర్ ఫోటోగ్రాఫర్ అను వారపత్రిక సెలవులలో తీసిన చిత్రముల కొక పోటీ పెట్టెను. బెర్లినులో చదువుకొనుచున్న ఇరువదిమూడేండ్ల అమెరికను విద్యార్థి ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ తాను ఇటలీలో తీసిన చిత్రములను పంపగా, న్యాయనిర్ణేతయైన పీటర్ హెన్రీ ఎమర్సన్ వానిలో నొకదానికి మొదటి బహుమానముగా వెండిపతకమును, రెండు గినీలను ఇచ్చెను. నవ్వుచున్న పిల్లల గుంపు అందలి విషయము. వచ్చిన చిత్రములన్నిటిలోను కూర్చి నిలిపినట్లు కాక సహజముగా నున్నది ఇదొక్కటే యని ఎమర్సన్ భావించెను. ఆ యువకుడు తరువాత ఆధునిక ఛాయాచిత్రకళ కొక యధ్యాయము వ్రాసినవాడు; 1893 ఫిబ్రవరిలో న్యూయార్కు వీథిలో మంచుతుఫానులో ఒక గుఱ్ఱపు బండికొరకు మూడు గంటలు నిలిచి కాచుకొన్నవాడు. ఎమర్సన్ పత్రికలో చెప్పినదియు, మా రేవు ముసలివాడు హాలులో చెప్పినదియు ఒక్కటియే యని నాకు తోచును. వీరిద్దరిలో నెవరి తీర్పు నిశితమైనదన్నచో, వల విషయమున నేను మా రేవువానికే యోటు వేయుదును.

మన ప్రాంతమునకు ఔత్సాహికుల ఛాయాగ్రహణము క్రొత్త ముచ్చట కాదు. 1855లో చెన్నపట్టణమున జరిగిన ప్రదర్శనలో లిన్నెయస్ ట్రైప్ అను సైనికోద్యోగి హళేబీడు, బేలూరు దేవాలయముల చిత్రములను పెట్టి తీర్పరుల మెప్పు పొందెను. హైదరాబాదులో ఆరవ నిజాము ఆస్థానమున ముసవ్విర్ జంగ్ అను బిరుదము పొందిన రాజా దీనదయాళ్ సైతము, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో మరామత్తు శాఖలో నుద్యోగము చేయుచు, తీరిక వేళలలో అభిరుచికొరకు కెమెరా పట్టినవాడే. ఔత్సాహికుడు అను మాటను మనలో కొందరు తేలికగా వాడుదురు. ఇంగ్లీషువారి అమెచ్యూర్ అను పదమునకు లాటిన్ మూలము ప్రేమించుట. వృత్తిలో నున్నవాడు పెండ్లి ముహూర్తమునకు అటునిటు కదలలేడు. ఆ క్షణమున వెలుగెట్లున్నను తీయవలసినదే. మనకో, ఈ యాదివారము వెలుగు కుదరనిచో వచ్చు ఆదివారము కలదు. ఈ వేసవి తప్పినచో మరు వేసవి కలదు. మనకున్న యాస్తి ఇదియే.

ఆ యాస్తిని నేను ఖర్చు పెట్టితిని. స్నేహితుని యొద్ద వాయిదాలమీద పాత యాషికా కెమెరా, పై నొకటి క్రింద నొకటి రెండు కటకము లున్నది, కొంటిని. సెకనులో ఐదువందలవ వంతు వరకు దాని షట్టరు పోవును. అయితే దానిలో చూచుట యొక విద్య. ఛాతీకడ పట్టుకొని పైనుండి గాజుపలకలోనికి తొంగి చూడవలెను. అందులో కుడి యెడమగా, ఎడమ కుడిగా కనబడును. జాలరి కుడివైపునకు కదలినచో గాజులో నెడమకు పోవును. అతనిని వెంబడింపబోయి కెమెరాను వ్యతిరేకదిశకు త్రిప్పి నెలల తరబడి ఫిలిము పాడుచేసితిని. ప్రతి చిత్రమునకు చిన్న నోటుపుస్తకములో మూడు గడులు గీసి, వేళ యెంత, కటకపు రంధ్ర మెంత, షట్టరు వేగ మెంత యని వ్రాసికొనుచుంటిని. పది నెలలపాటు సెలవు దొరికిన ప్రతి తెల్లవారుజామున రేవునకు పోయితిని. మొదట నన్ను చూచి సర్దుకొని నిలిచినవారు పిమ్మట పలుకరించిరి, ఆ పిమ్మట పలుకరించుటయు మానిరి. పనిచేయువారు మనలను మరచిపోవుటకు పట్టు కాలమును ఏ కెమెరాయు తగ్గింపలేదు.

రాత్రులు భోజనములైన పిదప వంటింటి కిటికీకి దుప్పటి కట్టి, ఎఱ్ఱదీపము పెట్టి, మూడు తట్టలలో డెవలపరును, నీళ్ళను, హైపోను పోసి కాగితమును ముంచెడివాడను. తెల్లని కాగితముమీద మొదట నీడలు, తరువాత చేయి, ఆ తరువాత ముఖము నీటి యడుగునుండి పైకి తేలివచ్చునట్లు కనబడు ఆ ముప్పది నలుబది క్షణములను మించిన బహుమతి నాకే పోటీలోను రాలేదని నిజముగా చెప్పుచున్నాను. పెద్ద చిత్రము చేయుటకు కావలసిన ఎన్‌లార్జరు నా యొద్ద లేదు. మా యూరి స్టూడియో యజమాని ఆదివారములు తన దానిని నాకు విడిచెడివాడు. ఈ పోటీల మూలమున దొరకిన స్నేహములలో నది యొకటి. అతడు నేర్పిన చిట్కా నొకదానిని మీకు చెప్పవలెను. దళసరి అట్టను కత్తిరించి మూలమట్టముల వలె రెండు ముక్కలు చేసికొని, వానిని చిత్రముపై జరుపుచు నాలుగు వైపుల నుండి మూయుచు రండి. ఎక్కడ మూసినచో చిత్రము బిగియునో మీ కన్ను చెప్పును. ఎంతో మోజుతో తీసిన కొబ్బరిచెట్టు, ముచ్చటగా నున్న మేఘము అట్టక్రింద మాయమైనప్పుడు బాధ కలుగును, ఆ బాధ నోర్చుకొనవలెను. పిమ్మట చిత్రమును గోడ కంటించి వారము దినములు వచ్చుచు పోవుచు చూడుడు. మొదటి దినము మెరసి ఏడవ దినమున వెలిసిపోవు చిత్రములు చాల నుండును. వానిని పంపవలదు.

నిబంధనల మాట క్లుప్తముగా చెప్పెదను. పరిమాణము చెప్పినచో అంగుళము హెచ్చుతగ్గులు లేకుండ పాటింపుడు; పేరు వెనుకనే వ్రాయుడు; గడువు చివరిదినము వరకు ఆగవలదు. బహుమతి పొందిన చిత్రముపై హక్కు ఎవరికి చెందునో ప్రవేశపత్రములో చిన్న యక్షరములతో వ్రాసి యుండును, సంతకము చేయుటకు ముందు చదువుడు. నెగెటివును ఏ సంస్థకును పంపకుడు. ఒకచోట నిర్వాహకులు నా చిత్రములు ఐదింటిని తిరిగి యీయక పోగొట్టిరి. నెగెటివులు ఇంటిలో భద్రముగా నున్నవి గనుక ఆ దుఃఖము రెండు రాత్రులలో తీరినది.

శీర్షికల విషయమున మాత్రము కొంత యాగవలెను. ముడతలు పడిన ముసలి ముఖమును తీసి జీవనసంధ్య యనియు, అస్తమించు సూర్యుని కడ్డముగా పడవను నిలిపి ఆశాకిరణ మనియు పేరు పెట్టి పంపు చిత్రములు ప్రతి పోటీలోను పదియైన నుండును. తీసినవారిని నేను చులకన చేయను. అందరము అచ్చటనుండియే మొదలుపెట్టితిమి. అయితే ఆ చిత్రములు మనము చూచినవి కావు, ఇతరులు చూచినవానిని మనము మరల తీసినవి. ఆ ముసలివాని పేరు మీకు తెలియునా? అతడేమి పని చేసి ఆ చేతుల నట్లు చేసికొనెనో అడిగితిరా? అడిగినచో శీర్షిక దానంతట నదియే వచ్చును. తాటి కల్లుగీత, ఉప్పుమడి, కావడి, ఏదో యొక నిజమైన పేరు. ఆ మనిషికి ఒక ప్రతిని తీసికొనిపోయి యిచ్చుట మరువవలదు. దిగినవానికి బాకీపడి పోటీకి పోరాదు.

మా రేవు ముసలివాని వంటివాడు అతడొక్కడే కాదని నాకు క్రమముగా తెలిసినది. నరసాపురము చుట్టుప్రక్కల గ్రామములలో స్త్రీలు లేసు అల్లుదురు; అట్టి యొక యామె చిత్రమును మిత్రుడొకడు ప్రదర్శింపగా, చూడవచ్చిన గృహిణి యొకతె, కొక్కెపుసూదిలోనికి దారము చుట్టుకొనకుండ వ్రేళ్ళు మాత్రము సొంపుగా పెట్టి దిగినదని చెప్పెను. ధాన్యము తూర్పారబట్టు చిత్రమును చూచి రైతొకడు చేట పట్టిన చేయి ఎత్తు చాలదనెను. తమ పనిని తాము గుర్తుపట్టినప్పుడు వారి ముఖములలో కలుగు వెలుగును, గుర్తుపట్టలేనప్పుడు కలుగు చిన్న నిరాశను చిత్రము ప్రక్కనే నిలిచి చూచుట ఏ మహానగరపు ప్రదర్శనలోను మనకు సాధ్యము కాదు. అందువలన పోటీకి చిత్రము పంపి ఇంట కూర్చుండవలదని నేను యువకులకు చెప్పుచుందును. సాయంకాలము పోయి హాలులో నొక మూల నిలువుడు, పేరు చెప్పకుడు, వినుడు.

ఇప్పుడు అందరి చేతులలోను కెమెరా యున్నది. సంక్రాంతినాడు ముగ్గులను, బతుకమ్మనాడు పూలను, పుష్కరములలో జనమును ఫోనుతో తీయని యిల్లు లేదు. పండ్రెండు చిత్రముల చుట్టను లెక్కపెట్టుకొని వాడవలసిన బాధ తొలగినది. ఇది మేలే. మాకు డబ్బు లేక పోయిన వెలుగులు ఎన్నియో వీరికి దొరకుచున్నవి. నే నొక్కటే కోరుదును. వేయి చిత్రములలో నొకదానిని కాగితముపై నచ్చు వేయించి, ఆ యూరివారి యెదుట గోడకు పెట్టుడు. తెరపై వ్రేలితో త్రోసివేయు చిత్రమును ఎవ్వరును దగ్గరకు వచ్చి పోగు పోగుగా చూడరు.

ఎండు వలకు బహుమతి వచ్చిన మరుసటి యేడు నా చిత్రమునకు బహుమతి రాలేదు. వైశాఖమాసపు ఉదయమున, సూర్యుడు సఖినేటిపల్లి మీదుగా లేచి యింకను చెట్ల నంటియుండగా, నడుములోతు నీటిలో నొకడు వల విసరిన చిత్రమది. ఎదురువెలుగు గనుక అతని ముఖము చీకటియైనది. వల మాత్రము గాలిలో విచ్చుకొని, దాని అంచున గుళ్ళు వరుసగా నిలిచి, పోగుపోగునుండి నీటిబొట్లు రాలుచు మెరసినవి. ముఖము కనబడనిది మనుష్యచిత్రము కాదని తీర్పరులలో నొకరు చెప్పిరి. వారితో వాదింపలేదు; వారి మాటలో కొంత నిజమున్నది.

ఆ ముసలివాడు ఆ యేడును వచ్చెను. మనుమడు కొంచెము పెరిగియుండెను. చిత్రమునకు బాగుగా దగ్గరగా పోయి, తువ్వాలుతో కన్ను తుడుచుకొని, ఎడమ అంచునుండి కుడి అంచువరకు చూచెను. వలను గూర్చి యేమియు ననలేదు.

"ఆ రోజు దక్షిణపు గాలండి," అనెను.

ఎట్లు తెలిసినదని యడిగితిని. అవతలి యొడ్డు కనబడుచున్నది గనుక చిత్రము తూర్పు ముఖముగా నున్నదనియు, అయినచో కుడిచేయి దక్షిణ మనియు, వల గుండ్రముగా విచ్చుకొనక ఎడమవైపునకు జానెడు సాగినదనియు, విసరినవాడు ఆ సంగతి యెరిగియే కొంచెము కుడికి విసరెననియు మనుమనికి చెప్పుచున్నట్లు నాకు చెప్పెను. అంత చెప్పి, "మంచి ఇసురండి," అని మనుమని తీసికొని ప్రక్క చిత్రమునకు పోయెను.

ఇల్లు చేరగానే నోటుపుస్తకము తీసి ఆ దినపు పుటను చూచితిని. వేళ ఆరుగంటల పది నిమిషములు, రంధ్రము ఎనిమిది, షట్టరు ఇన్నూట యేబదవ వంతు. గాలి మాట లేదు. ఎంత జ్ఞాపకము చేసికొన్నను ఆ యుదయమున గాలి యెటు వీచినదో నాకు తోచలేదు; రెండు గంటలు ఆ గాలిలోనే నిలిచియుంటిని. బల్లమీదనుండి స్కేలు తీసికొని, మిగిలిన పుటలన్నిటిలోను మూడు గడుల ప్రక్క నాల్గవ గడి నొకదానిని గీసి, తలకట్టున గాలి యని వ్రాసితిని.